ఆమ్ల యానకంలో అర్ధ చర్యల తుల్యం: డుమస్ తీరం నుంచి రెండు లెక్కలు



సూరత్ నగరానికి నైరుతి దిక్కున, తపతి నది అరేబియా సముద్రంలో కలిసే చోటుకు దగ్గరగా డుమస్ అనే తీరగ్రామం ఉంది. అక్కడి ఇసుక నల్లగా ఉంటుంది. ఆ నలుపు చుట్టూ దయ్యాల కథలు ఎన్నో ప్రచారంలో ఉన్నాయి. రసాయనశాస్త్రం చదివేవారికి అక్కడ తోచే ప్రశ్నలు వేరు. తపతి నది ప్రవహించే ప్రాంతంలో ఎక్కువ భాగం దక్కన్ బసాల్ట్ శిలలతో ఏర్పడింది. ఆ శిలల్లో మాగ్నెటైట్ వంటి ఇనుప ఖనిజాలుంటాయి. కాబట్టి మొదటి ప్రశ్న: నల్ల ఇసుకలో ఇనుము ఎంత ఉందో ఎలా కనుక్కోవాలి?

రెండో ప్రశ్న నీటి గురించి. సూరత్ బట్టల నగరం. తెలంగాణ జిల్లాల నుంచి వెళ్లిన నేత కుటుంబాలు అక్కడ తరతరాలుగా మరమగ్గాల మీద పనిచేస్తున్నాయి. లింబాయత్ వంటి పేటల్లో తెలుగు వీధుల్లో వినబడుతుంది. నేసిన బట్ట పాండేసరా, సచిన్ వంటి పారిశ్రామిక వాడల్లోని డైయింగ్ మిల్లులకు చేరుతుంది. అక్కడ బట్టను ఉతికి, రంగులద్ది, మళ్లీ ఉతికిన నీరు చివరకు వాగులు, నదుల ద్వారా సముద్రం దారి పడుతుంది. ఆ నీరు వదలడానికి తగినదా, కాదా అని ఎలా తేల్చాలి?

ఒకటి ఇసుక, ఒకటి నీరు. అయినా ప్రయోగశాలలో రెండింటికీ వాడేది ఒకే రసాయనం, పొటాషియం డైక్రోమేట్. రెండు లెక్కలూ నిలబడేది ఒకే అర్ధ చర్య మీద. ఆ అర్ధ చర్యను ఆమ్ల యానకంలో ఎలా తుల్యం చేయాలో, అందులో ఒక్క అంకె తప్పితే ఏం జరుగుతుందో ఈ పాఠంలో తెలుసుకుందాం.

ఒక సూచన. ఈ పాఠంలో రసాయన సంకేతాలకు బదులు పేర్లు వాడుతున్నాం. మీరు నోటు పుస్తకంలో వాటిని సంకేతాలతో రాసుకుంటూ చదవండి. అలా చేస్తే ప్రతి మెట్టూ మీ చేతుల మీదుగానే జరుగుతుంది.

అర్ధ చర్య అంటే ఏమిటి?

ఎలక్ట్రాన్లను కోల్పోవడం ఆక్సీకరణం. ఎలక్ట్రాన్లను గ్రహించడం క్షయకరణం. ఇవి ఒకదాన్ని విడిచి ఒకటి జరగవు. ఒకరు ఇస్తేనే మరొకరు పుచ్చుకోగలరు. అర్ధ చర్య అంటే సగంలో ఆగిపోయిన చర్య కాదు. ఇచ్చేవారి ఖాతా ఒక కాగితం మీద, పుచ్చుకునేవారి ఖాతా మరో కాగితం మీద విడివిడిగా రాసుకోవడమే అర్ధ చర్య. చివరలో రెండు ఖాతాల్లో ఎలక్ట్రాన్ల సంఖ్య సరిపోవాలి.

మామూలు సమీకరణంలో పరమాణువులు రెండు వైపులా సమానమైతే చాలని మీరు కింది తరగతుల్లో నేర్చుకున్నారు. అయాన్లు పాల్గొనే చర్యలకు అది చాలదు. మొత్తం ఆవేశం కూడా రెండు వైపులా సమానంగా ఉండాలి. ఎన్ని ఎలక్ట్రాన్లు చేతులు మారాయో చెప్పేది ఈ రెండో షరతే.

ఆమ్ల యానకంలో మనకు రెండు పదార్థాలు ఎప్పుడూ అందుబాటులో ఉంటాయి. ఒకటి నీరు. రెండు హైడ్రోజన్ అయాన్. ఆక్సిజన్ తక్కువైన వైపు నీటిని, హైడ్రోజన్ తక్కువైన వైపు హైడ్రోజన్ అయాన్లను చేర్చవచ్చు. హైడ్రాక్సైడ్ అయాన్లను మాత్రం ఇక్కడ రాయకూడదు. ఆమ్లంలో అవి చెప్పుకోదగ్గ పరిమాణంలో ఉండవు. నిజంగా ద్రావణంలో ఉన్న పదార్థాలతోనే సమీకరణం రాయాలి.

డైక్రోమేట్ అర్ధ చర్య

డైక్రోమేట్ అయాన్‌లో 2 క్రోమియం పరమాణువులు, 7 ఆక్సిజన్ పరమాణువులు ఉంటాయి. దాని ఆవేశం −2. ఆమ్లంలో ఇది క్షయకరణం చెంది, +3 ఆవేశం గల క్రోమిక్ అయాన్లుగా మారుతుంది. నారింజ రంగు పోయి ఆకుపచ్చ వస్తుంది. ఇప్పుడు ఒక్కొక్క మెట్టూ చూద్దాం.

మొదటి మెట్టు: ఆక్సిజన్, హైడ్రోజన్ కాని పరమాణువులను సమానం చేయాలి. ఎడమవైపు క్రోమియం 2. కనుక కుడివైపు 2 క్రోమిక్ అయాన్లు.

డైక్రోమేట్ → 2 క్రోమిక్

రెండో మెట్టు: ఆక్సిజన్‌ను నీటితో సమానం చేయాలి. ఎడమవైపు 7 ఆక్సిజన్లు ఉన్నాయి, కుడివైపు లేవు. కుడివైపు 7 నీటి అణువులు చేర్చాలి.

డైక్రోమేట్ → 2 క్రోమిక్ + 7 నీరు

మూడో మెట్టు: హైడ్రోజన్‌ను హైడ్రోజన్ అయాన్లతో సమానం చేయాలి. 7 నీటి అణువుల్లో 14 హైడ్రోజన్లు వచ్చాయి. ఎడమవైపు 14 హైడ్రోజన్ అయాన్లు చేర్చాలి.

డైక్రోమేట్ + 14 హైడ్రోజన్ అయాన్లు → 2 క్రోమిక్ + 7 నీరు

నాలుగో మెట్టు: ఆవేశాన్ని ఎలక్ట్రాన్లతో సమానం చేయాలి. ఎడమవైపు −2 కు 14 కలిపితే +12. కుడివైపు 2 క్రోమిక్ అయాన్లకు +6. నీటికి ఆవేశం లేదు. +12ను +6కు దించాలంటే ఎడమవైపు 6 ఎలక్ట్రాన్లు చేర్చాలి.

డైక్రోమేట్ + 14 హైడ్రోజన్ అయాన్లు + 6 ఎలక్ట్రాన్లు → 2 క్రోమిక్ + 7 నీరు

ఈ మెట్ల వరుసను మార్చకండి. నీటిని చేర్చకముందే హైడ్రోజన్ అయాన్లను లెక్కిస్తే మళ్లీ మొదటికి రావలసి వస్తుంది. ఆవేశం ఎప్పుడూ చివరి మెట్టే.

ఈ అర్ధ చర్యలో 14 అనే అంకె ఊరికే రాలేదు. ఒక్క డైక్రోమేట్ అయాన్ 14 హైడ్రోజన్ అయాన్లను ఖర్చు చేస్తుంది. అందుకే ప్రయోగశాలలో సల్ఫ్యూరిక్ ఆమ్లాన్ని ధారాళంగా పోస్తారు. ఆమ్లం తగ్గితే డైక్రోమేట్‌కున్న ఆక్సీకరణ శక్తి తగ్గుతుంది.

మొదటి లెక్క: నల్ల ఇసుకలో ఇనుము

మాగ్నెటైట్‌లో మూడు ఇనుము పరమాణువులకు నాలుగు ఆక్సిజన్ పరమాణువులుంటాయి. ఆ మూడింటిలో ఒకటి ఫెర్రస్ స్థితిలో, రెండు ఫెర్రిక్ స్థితిలో ఉంటాయి. ఇసుక మీద అయస్కాంతం తిప్పి, దానికి అంటుకున్న రేణువులను వేరుచేసి, హైడ్రోక్లోరిక్ ఆమ్లంలో కరిగిస్తారు. తరువాత స్టానస్ క్లోరైడ్‌తో ఫెర్రిక్ అయాన్లన్నిటినీ ఫెర్రస్ స్థితికి తెస్తారు. మిగిలిన స్టానస్ క్లోరైడ్‌ను తొలగించి, ఫెర్రస్ అయాన్లను డైక్రోమేట్‌తో అంశమాపనం చేస్తారు. ఇక్కడ జరిగే ఆక్సీకరణ అర్ధ చర్య చాలా చిన్నది.

ఫెర్రస్ → ఫెర్రిక్ + 1 ఎలక్ట్రాన్

డైక్రోమేట్‌కు 6 ఎలక్ట్రాన్లు కావాలి. ఒక్కొక్క ఫెర్రస్ అయాన్ ఒక్కటే ఇవ్వగలదు. కాబట్టి ఈ అర్ధ చర్యను 6తో గుణించి, రెండు అర్ధ చర్యలనూ కలపాలి. రెండు వైపులా ఉన్న 6 ఎలక్ట్రాన్లు కొట్టివేతకు పోతాయి.

డైక్రోమేట్ + 14 హైడ్రోజన్ అయాన్లు + 6 ఫెర్రస్ → 2 క్రోమిక్ + 6 ఫెర్రిక్ + 7 నీరు

సరిచూద్దాం. ఎడమవైపు ఆవేశం: −2 + 14 + 12 = +24. కుడివైపు: 6 + 18 = +24. సరిపోయింది.

ఇప్పుడు అంకెలు. లెక్క నేర్చుకోవడానికి, అయస్కాంతానికి అంటిన రేణువులు 0.25 గ్రాములు తీసుకున్నామనీ, 0.1 నార్మల్ డైక్రోమేట్ 25 మిల్లీలీటర్లు పట్టిందనీ అనుకుందాం. మిల్లీలీటరుకు 0.1 మిల్లీమోల్ చొప్పున 2.5 మిల్లీమోల్‌ల ఎలక్ట్రాన్లు మారాయి. ఫెర్రస్ అయాన్‌కు ఒకటే ఎలక్ట్రాన్ కనుక ఇనుము కూడా 2.5 మిల్లీమోల్‌లు. ఇనుము పరమాణుభారం 55.85తో గుణిస్తే సుమారు 139.6 మిల్లీగ్రాములు. అంటే ఆ రేణువుల్లో ఇనుము దాదాపు 56 శాతం. శుద్ధమైన మాగ్నెటైట్‌లో ఇనుము 72.4 శాతం ఉంటుంది. తేడాను బట్టి ఆ రేణువుల్లో ఇతర పదార్థాలు కూడా ఉన్నాయని చెప్పగలం.

రెండో లెక్క: నీటిలో మలినం

మిల్లు నీటిలో ఒక్కటే మలినం ఉండదు. రంగులు, సబ్బులు, నూనెలు, గంజి ఇలా ఎన్నో కలిసి ఉంటాయి. ఒక్కొక్కదాన్ని వేరుచేసి కొలవడం సాధ్యం కాదు. అందువల్ల వాటన్నిటినీ ఒకే ప్రశ్న అడుగుతారు: మిమ్మల్ని పూర్తిగా ఆక్సీకరణం చేయడానికి ఎంత ఆక్సిజన్ కావాలి? ఆ జవాబే రసాయన ఆక్సిజన్ డిమాండ్. దీన్ని పొట్టిగా సి.ఓ.డి. అంటారు. పర్యావరణ పరిరక్షణ నియమాలు, 1986లోని సాధారణ ప్రమాణాల ప్రకారం, ఉపరితల జలాల్లోకి గానీ తీర సముద్రంలోకి గానీ వదిలే వ్యర్థజలంలో సి.ఓ.డి. లీటరుకు 250 మిల్లీగ్రాములకు మించరాదు. ఈ ప్రమాణం సూరత్‌కే కాదు, మన పటాన్‌చెరుకూ ఉంది.

నేత తెలిసిన ఇళ్లలో గంజి గురించి వేరే చెప్పనక్కరలేదు. నూలు పడుగు తెగకుండా గంజి పెడతారు. నేత పూర్తయ్యాక దాన్ని కడిగేస్తారు. గంజిలోని పిండిపదార్థం గ్లూకోజ్ ప్రమాణాలతో అల్లిన గొలుసు. కనుక గ్లూకోజ్‌నే ఉదాహరణగా తీసుకుందాం. గ్లూకోజ్ అణువులో 6 కార్బన్లు, 12 హైడ్రోజన్లు, 6 ఆక్సిజన్లు ఉంటాయి. పూర్తిగా ఆక్సీకరణం చెందితే అది కార్బన్ డయాక్సైడ్ అవుతుంది. అవే నాలుగు మెట్లు మళ్లీ ఎక్కుదాం.

మొదటిది కార్బన్: కుడివైపు 6 కార్బన్ డయాక్సైడ్ అణువులు. రెండోది ఆక్సిజన్: కుడివైపు 12, ఎడమవైపు 6. ఎడమవైపు 6 నీటి అణువులు చేర్చాలి. మూడోది హైడ్రోజన్: ఎడమవైపు 12 + 12 = 24. కుడివైపు 24 హైడ్రోజన్ అయాన్లు చేర్చాలి. నాలుగోది ఆవేశం: ఎడమవైపు సున్నా, కుడివైపు +24. కుడివైపు 24 ఎలక్ట్రాన్లు చేర్చాలి.

గ్లూకోజ్ + 6 నీరు → 6 కార్బన్ డయాక్సైడ్ + 24 హైడ్రోజన్ అయాన్లు + 24 ఎలక్ట్రాన్లు

డైక్రోమేట్ అర్ధ చర్యలో ఈసారి నీరు కుడివైపు వచ్చింది. ఇక్కడ ఎడమవైపు వచ్చింది. నీరు ఎటు రావాలో బట్టీ పట్టకండి. ఆక్సిజన్ ఎటు తక్కువైతే అటు.

24 ఎలక్ట్రాన్లు పుచ్చుకోవడానికి 4 డైక్రోమేట్ అయాన్లు కావాలి. డైక్రోమేట్ అర్ధ చర్యను 4తో గుణించి కలిపితే, ఎడమవైపు 56 హైడ్రోజన్ అయాన్లు, కుడివైపు 24 వస్తాయి. కొట్టివేయగా ఎడమవైపు 32 మిగులుతాయి. నీరు ఎడమవైపు 6, కుడివైపు 28. కొట్టివేయగా కుడివైపు 22.

గ్లూకోజ్ + 4 డైక్రోమేట్ + 32 హైడ్రోజన్ అయాన్లు → 6 కార్బన్ డయాక్సైడ్ + 8 క్రోమిక్ + 22 నీరు

రెండు వైపులా ఆవేశం +24. మీరు స్వయంగా సరిచూడండి.

మరి ఇందులో ఆక్సిజన్ వాయువు ఎక్కడుంది? ఎక్కడా లేదు. డైక్రోమేట్ చేసిన పనిని ఆక్సిజన్ చేసి ఉంటే ఎంత పట్టేదని మనం లెక్కిస్తాం. దానికి మూడో అర్ధ చర్య కావాలి.

ఆక్సిజన్ + 4 హైడ్రోజన్ అయాన్లు + 4 ఎలక్ట్రాన్లు → 2 నీరు

ఒక మోల్ ఆక్సిజన్, అంటే 32 గ్రాములు, 4 మోల్‌ల ఎలక్ట్రాన్లను గ్రహిస్తుంది. కనుక ఒక్కొక్క మోల్ ఎలక్ట్రాన్లకు 8 గ్రాముల ఆక్సిజన్. ఈ 8ని జ్ఞాపకం ఉంచుకోండి. సి.ఓ.డి. సూత్రంలో కనిపించే 8000 దీని నుంచే వచ్చింది.

ప్రయోగంలో నీటి నమూనాకు కొలిచిన డైక్రోమేట్‌ను, గాఢ సల్ఫ్యూరిక్ ఆమ్లాన్ని, ఉత్ప్రేరకంగా సిల్వర్ సల్ఫేట్‌ను కలిపి రెండు గంటలు మరిగిస్తారు. మిగిలిపోయిన డైక్రోమేట్‌ను ఫెర్రస్ అమ్మోనియం సల్ఫేట్‌తో, ఫెర్రోయిన్ సూచికతో అంశమాపనం చేస్తారు. ఇక్కడ మళ్లీ ఇనుము వచ్చింది. ఇసుకలో దేన్ని కొలిచామో, దానితోనే ఇప్పుడు కొలుస్తున్నాం.

ఇక అంకెలు. ఇవి కూడా అభ్యాసం కోసం తీసుకున్నవే. నమూనా 20 మిల్లీలీటర్లు. ఫెర్రస్ ద్రావణం 0.1 నార్మల్. నమూనాకు బదులు స్వచ్ఛమైన నీరు పోసిన ఖాళీ ప్రయోగంలో 25 మిల్లీలీటర్లు, నమూనాతో 17 మిల్లీలీటర్లు పట్టాయి. తేడా 8 మిల్లీలీటర్లు. అంటే మలినాలు ఇచ్చిన ఎలక్ట్రాన్లు 0.8 మిల్లీమోల్. వాటికి సమానమైన ఆక్సిజన్ 0.8 × 8 = 6.4 మిల్లీగ్రాములు. ఇది 20 మిల్లీలీటర్లలో. లీటరుకు 50 రెట్లు, అంటే 320 మిల్లీగ్రాములు. పరిమితి 250. ఈ నీటిని వదలకూడదు.

ఆరుకు బదులు మూడు రాస్తే?

చాలామంది విద్యార్థులు ఒక దగ్గరిదారి తొక్కుతారు. క్రోమియం ఆక్సీకరణ సంఖ్య +6 నుంచి +3కు తగ్గింది, కాబట్టి ఎలక్ట్రాన్లు 3 అని రాసేస్తారు. ఒక క్రోమియం పరమాణువుకు అది నిజమే. కానీ డైక్రోమేట్‌లో ఉన్నవి రెండు. నాలుగో మెట్టులోని ఆవేశ పరీక్ష ఈ తప్పును వెంటనే పట్టుకుంటుంది. +12 లోంచి 3 పోతే +9. కుడివైపు +6. సరిపోలేదు.

పరీక్షలో ఈ తప్పుకు ఒకటి రెండు మార్కులు పోతాయి. ప్రయోగశాలలో ఏమవుతుందో చూడండి. ఫెర్రస్ ద్రావణం గాఢత మారుతూ ఉంటుంది కనుక దాన్ని ప్రతిసారీ డైక్రోమేట్‌తోనే ప్రమాణీకరిస్తారు. లీటరుకు 12.26 గ్రాముల డైక్రోమేట్ ఉన్న ద్రావణం 6 ఎలక్ట్రాన్ల లెక్కన 0.25 నార్మల్. 3 ఎలక్ట్రాన్ల లెక్కన దాన్ని 0.125 నార్మల్ అని రాసేస్తాం. అప్పుడు 0.1 నార్మల్ ఫెర్రస్ ద్రావణం కాగితం మీద 0.05 నార్మల్ అవుతుంది. పై నమూనా ఫలితం 320కి బదులు 160గా వస్తుంది. నీరు మారలేదు. సీసాలో ద్రావణం మారలేదు. ఒక్క అంకె మారేసరికి వదలకూడని నీరు వదలదగినదిగా నివేదికలో చేరిపోయింది. ఆ నీరు చేరే చోట చేపలు పట్టేవారికి, ఆ తీరాన బతికేవారికి ఈ 6కూ 3కూ మధ్య ఉన్న తేడా పుస్తకంలోని తేడా కాదు.

సముద్రపు నీటితో ఒక జాగ్రత్త

ఇంత చదివాక, డుమస్ ఒడ్డునే సీసాతో నీళ్లు ముంచి ఇదే పరీక్ష చేస్తే సరిపోతుంది కదా అని మీకు తోచవచ్చు. అక్కడే ఒక చిక్కు ఉంది. సముద్రపు నీటిలో లీటరుకు దాదాపు 19 గ్రాముల క్లోరైడ్ ఉంటుంది. వేడి గాఢ ఆమ్లంలో డైక్రోమేట్ దాన్ని కూడా ఆక్సీకరణం చేస్తుంది.

2 క్లోరైడ్ → క్లోరిన్ + 2 ఎలక్ట్రాన్లు

ఒక్కొక్క క్లోరైడ్‌కు ఒక ఎలక్ట్రాన్. అంటే 35.5 గ్రాముల క్లోరైడ్ 8 గ్రాముల ఆక్సిజన్‌కు సమానం. 19 గ్రాములూ ఆక్సీకరణం చెందితే లీటరుకు సుమారు 4,280 మిల్లీగ్రాముల సి.ఓ.డి. వస్తుంది. ఏ మలినమూ లేని సముద్రపు నీరు కూడా మిల్లు నీటికంటే ఎన్నో రెట్లు చెడ్డదిగా కనబడుతుంది! క్లోరైడ్‌ను అడ్డుకోవడానికి మెర్క్యురిక్ సల్ఫేట్ కలుపుతారు. అయినా క్లోరైడ్ లీటరుకు 2,000 మిల్లీగ్రాములు దాటిన నీటికి ఈ పద్ధతిని మామూలుగా వాడరు. అందుకే నీరు సముద్రంలో కలవకముందే, వదిలే చోటనే నమూనా తీయాలి.

మరి ఇసుకను హైడ్రోక్లోరిక్ ఆమ్లంలోనే కరిగించాం కదా, అక్కడ క్లోరైడ్ అడ్డురాలేదేం? మంచి ప్రశ్న. చల్లని, విలీన ద్రావణంలో డైక్రోమేట్ క్లోరైడ్ జోలికి దాదాపు పోదు. పర్మాంగనేట్ అయితే ఆ పరిస్థితిలోనూ కొంత క్లోరైడ్‌ను ఆక్సీకరణం చేస్తుంది. అందుకే అక్కడ డైక్రోమేట్‌ను ఎంచుకుంటారు. తుల్య సమీకరణం ఎంత పదార్థానికి ఎంత కావాలో చెబుతుంది. ఆ చర్య ఏ పరిస్థితుల్లో, ఎంత వేగంగా జరుగుతుందో మాత్రం ప్రయోగమే చెప్పాలి.

మరో జాగ్రత్త. డైక్రోమేట్, పాదరసం లవణాలు విషపదార్థాలు. పరీక్ష చేశాక ఆ ద్రావణాలను తొట్టిలో పారబోయకూడదు. వేరుగా నిల్వచేసి, మీ అధ్యాపకులకు అప్పగించాలి.

జ్ఞాపకం ఉంచుకోవలసినవి

1. ముందు ఇతర పరమాణువులు, తరువాత నీటితో ఆక్సిజన్, తరువాత హైడ్రోజన్ అయాన్లతో హైడ్రోజన్, చివరగా ఎలక్ట్రాన్లతో ఆవేశం.
2. రెండు అర్ధ చర్యల్లో ఎలక్ట్రాన్ల సంఖ్యను సమానం చేశాకే కలపాలి.
3. కలిపిన తరువాత రెండు వైపులా ఉన్న నీటిని, హైడ్రోజన్ అయాన్లను కొట్టివేయాలి.
4. పరమాణువులు, ఆవేశం రెండూ సరిచూడాలి. ఒకటి చూసి ఆగకూడదు.

అభ్యాసం

1. ఆమ్ల యానకంలో పర్మాంగనేట్ అయాన్ మాంగనస్ అయాన్‌గా మారే అర్ధ చర్యను తుల్యం చేయండి. (జవాబు: 8 హైడ్రోజన్ అయాన్లు, 5 ఎలక్ట్రాన్లు, 4 నీటి అణువులు.)

2. ఆగ్జలేట్ అయాన్ 2 కార్బన్ డయాక్సైడ్ అణువులుగా మారేటప్పుడు ఎన్ని ఎలక్ట్రాన్లు వెలువడతాయి? దాన్ని పర్మాంగనేట్ అర్ధ చర్యతో కలపండి. (జవాబు: 2 ఎలక్ట్రాన్లు. 2 పర్మాంగనేట్, 5 ఆగ్జలేట్, 16 హైడ్రోజన్ అయాన్లు కలిసి 2 మాంగనస్, 10 కార్బన్ డయాక్సైడ్, 8 నీరు ఇస్తాయి.)

3. ఇథైల్ ఆల్కహాల్ పూర్తిగా కార్బన్ డయాక్సైడ్‌గా మారే అర్ధ చర్యను రాయండి. ఒక మోల్ ఆల్కహాల్‌కు ఎన్ని మోల్‌ల డైక్రోమేట్ కావాలి? ఎన్ని గ్రాముల ఆక్సిజన్‌కు అది సమానం? (జవాబు: 12 ఎలక్ట్రాన్లు, 2 మోల్‌లు, 96 గ్రాములు.)

4. ఒక మిల్లు నీటి నమూనా 20 మిల్లీలీటర్లకు, ఖాళీ ప్రయోగంలో 0.1 నార్మల్ ఫెర్రస్ ద్రావణం 25 మిల్లీలీటర్లు, నమూనాతో 19.5 మిల్లీలీటర్లు పట్టింది. సి.ఓ.డి. ఎంత? ఆ నీటిని వదలవచ్చా? (సి.ఓ.డి. లీటరుకు 220 మిల్లీగ్రాములు. వదలవచ్చా అన్న ప్రశ్నకు జవాబు మీరే రాయండి. 250కి ఇంకా ఎంత దూరం ఉందో, బ్యూరెట్‌లో ఒక మిల్లీలీటరు తేడా వస్తే ఫలితం ఎంత మారుతుందో కూడా లెక్కించండి.)